జగన్నాధం జడ

ముందు ఏడుపు వినిపించింది. ఆ వెనకే కూర్మమ్మ కనిపించింది.

లక్ష్మణమ్మ అప్పటికి పెరట్లో రుబ్బురోలు ముందు కూర్చుని గుంటగలగరాకు రుబ్బుతోంది. ఎల్లుండి పాతపట్నంలో అమ్మవారి సంబరం. ఈ ఊరి భాగోతం మేళానికి అక్కడ ఆట ఉంది. మేళంలో ఆడవేషం ఆమె మొగుడు జగన్నాధానిది. ఆట దగ్గర పడితే చాలు, మొగుడి జుట్టుకి ఆకు పసరు పట్టించడం, కుంకుడురసంతో రుద్దడం, సాంబ్రాణి పొగ వెయ్యడం, ఎన్నో ఏళ్ళుగా లక్ష్మణమ్మ పని.

"ఓలప్పా! ఇంకా రుబ్బుతూ కూకున్నావేటే తల్లీ! మీ మావ ఎల్లిపోనాడే!" అంటూ పక్కింటి కూర్మమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి ఆమె మీద వాలిపోయింది.

లక్ష్మణమ్మ చెయ్యి పొత్రం మీదే ఆగిపోయింది. మామగారు విజయనగరంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ముసలాయనే, కాదనడానికి లేదు. కానీ మొన్నటికి మొన్న కొత్త చింతపండు పంపమని కబురు పెట్టాడు.

"ఎవులు సెప్పినారు?"

"ఒకలు సెప్పాలేటి? నీ మొగుడు గుండు సేయించుకొని ఈది మొగని నడిసొస్తన్నాడు. ఈ కల్లతో సూసినాను!"

ఇంక అడగడానికి ఏమీ లేదు. జగన్నాధం జుట్టు మామూలు జుట్టు కాదు. విప్పితే నడుము దాటి జారుతుంది. పొలంలో ఉన్నా, సంతలో ఉన్నా దాన్ని ముడి చుట్టి తలగుడ్డ కింద దాచుకుంటాడు. శ్రీకూర్మంలో మొక్కు తీర్చాల్సి వచ్చినప్పుడు కూడా పూజారిని బతిమాలుకుని మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చాడు. దేవుడికే ఇవ్వనివాడు గుండుతో వస్తున్నాడంటే కన్నతండ్రి పోయి ఉండాలి. ఇంకో కారణం ఆ ఊళ్ళో ఎవరి ఊహకీ అందదు.

జగన్నాధం సైకిలు నడిపించుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఎవరో పొయ్యి ఆర్పేశారు. ఇంకెవరో లక్ష్మణమ్మని పట్టుకుని గోడవార కూర్చోబెట్టారు. ఆ గుంపునీ ఆ ఏడుపునీ చూసి ఆయన గతుక్కుమన్నాడు.

"ఏటయినాది? ఎవులు పోనారు?"

"ఎవులేటి బాబూ, మీ అయ్యే గదా!" అంది కూర్మమ్మ.

"మా అయ్యా?" జగన్నాధం సైకిలు వదిలేశాడు. అది అరుగుకి కొట్టుకుని పడింది. "ఎప్పుడు? ఎలగ? ఓ అయ్యా!" అంటూ గడప మీద కూలబడి వలవలా ఏడవడం మొదలుపెట్టాడు. ఆయన ఏడుస్తుంటే ఆడవాళ్ళు రెట్టింపు ఏడ్చారు. ముప్పయ్యేళ్ళు ఆడవేషం కట్టిన గొంతు కదా, ఆ దుఃఖంలో కూడా శ్రుతి తప్పలేదు.

ఏడవనిది లక్ష్మణమ్మ ఒక్కతే. ఆమె కళ్ళు మొగుడి తల మీదే అతుక్కుపోయాయి. మొహం ఎండకి నల్లబడింది గానీ నెత్తి మాత్రం ఎన్నడూ ఎండ చూడక పాలిపోయి ఉంది. ఒకచోట కత్తి గీరుకుని ఎర్రటి గీత. ఆ తల ఆమె ఎరిగినది కాదు.

"నీకు తెల్దా?" అని అడిగింది.

"నాకెలగ తెలుస్తాది? మీరు సెప్తేనే గదా!" అన్నాడు వెక్కుతూ.

"మరి గుండెందుకు?"

ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. జగన్నాధం చెయ్యి నెత్తి మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గుండా? అదీ... జుట్టు సైకిలు గొలుసులో పడిపోనాదే."

కూర్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అంతేనా?" అంది. "మరి ఇంతసేపు నాను ఎవుల కోసం ఏడిసినాను? నా పొయ్యి మీద అన్నం మాడిపోనాది గదా బాబూ!"

ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. కొందరు మూతులు తిప్పుకుంటూ, కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ. వీధి చివరికి చేరాక ఆ నవ్వు గట్టిగానే వినిపించింది. లక్ష్మణమ్మకి మాత్రం నవ్వు రాలేదు. మామగారు బతికే ఉన్నాడని తెలిసి కూడా ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంది. ఆ మాట పైకి అంటే పాపమని నోరు మూసుకుంది.

మేళం నడిపే నరసింగరావు పొద్దు వాలేలోపే వచ్చాడు. పెద్దాయన, మద్దెల వాయిస్తాడు. చావు కబురు విని బయలుదేరి, దారిలో అసలు కబురు విన్నాడు. కోప్పడతాడేమో అని లక్ష్మణమ్మ భయపడింది. ఆయన కోప్పడలేదు. అరుగు మీద కూర్చుని గుండుకేసి చాలాసేపు చూశాడు.

"ఎల్లుండి పాతపట్నం," అన్నాడు.

"అవును మావా," అన్నాడు జగన్నాధం.

"పాతపట్నమోలు నీ జడ సూడ్డానికే మేళాన్ని పిలిసినారు. ఆ సంగతి నీకు తెల్దేటి?"

ఈ వైపు భాగోతంలో ఒక ఆచారం ఉంది. ఇద్దరు తెర పట్టుకున్నాక, ఆడవేషం మొహం చూపించక ముందు, జడ ఒక్కటే తెర మీంచి ఇవతలికి వేస్తారు. నా ఆటని మించి ఆడేవాడు ఈ ఊళ్ళో ఉంటే రండి, ఈ జడ కోసి ఇచ్చేస్తాను అని దాని అర్థం. ముప్పయ్యేళ్ళలో ఒక్కడూ ముందుకు రాలేదు. అలాంటి జడని ఒక సైకిలు కోసుకుపోయింది.

"కోసిందేది?" అని అడిగాడు నరసింగరావు.

జగన్నాధం సైకిలుకి తగిలించిన సంచిలోంచి గుడ్డమూట తీశాడు. లక్ష్మణమ్మ విప్పింది. ఎండలో వచ్చింది కాబట్టి జుట్టు ఇంకా వెచ్చగా ఉంది. కొనలు నలిగిపోయాయి. చేతులకి నల్లటి గ్రీజు అంటుకుంది. నిన్న రాత్రి పడుకునే ముందు తనే చిక్కు తీసి ముడి చుట్టిన జుట్టు.

"సవరం కట్టొచ్చు," అన్నాడు నరసింగరావు, బజార్లో బేరం చూసినవాడిలా జుట్టుని ఎత్తి చూస్తూ. "మన గంగరాజుకి కడదాం. ఆడికి సొంత జుట్టు భుజాల దాకా ఉన్నాది. దానికి దీన్ని కలిపేస్తే సరిపోతాది. ఒరే జగన్నాధం, రేపు పొద్దున్న ఆడిని పంపిస్తాను. వేషం నేర్పు. ఈ ఒక్క ఆట గట్టెక్కిస్తే, నీ జుట్టు పెరిగినాక సూసుకుందాం."

జగన్నాధం సరేనన్నట్టు తల మాత్రం ఊపాడు. ఆ ఊపడంలో ఏదో తేడా ఉందని లక్ష్మణమ్మకి అనిపించింది. వేషం తాత్కాలికంగా పోయినవాడు అంత తేలిగ్గా తల ఊపడు.

ఆమె కాపరానికి వచ్చిన కొత్తలో అదే జడని చంపెయ్యాలన్నంత కోపం ఉండేది. అప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు. నీళ్ళకి వెళ్తే తోటి కోడళ్ళు బిందెలు దించి మరీ అడిగేవాళ్ళు, "నీ జడ పొడుగా, మీ ఆయన జడ పొడుగా?" అని. నిజంగా ఆయనదే పొడుగు. పుట్టింటికి వెళ్ళినప్పుడు మేనత్త గుసగుసగా, "నీకు మొగుడా, సవితా?" అని అడిగి పకపకా నవ్వింది. లక్ష్మణమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. ఇంట్లో ఒకే దువ్వెన ఉండేది. ఆయన దువ్వుకున్నాక ఆ దువ్వెన ముట్టుకోవాలంటే రోత పుట్టేది.

ఆయనకీ మొదట్లో ఇష్టం లేదట. పన్నెండో ఏట తండ్రి జుట్టు పెంచమంటే బండి తోలుకుని బతుకుతాను గానీ వేషం కట్టనని పొలంలో దాక్కున్నాడట. పెళ్ళి నాటికి మాత్రం ఆటంటే పిచ్చి పట్టింది. ఎద్దుల్ని కడుగుతూ, నాట్లు వేస్తూ, ఎక్కడ బురద దొరికితే అక్కడ అడుగులు వేసి చూసుకునేవాడు.

లక్ష్మణమ్మ మనసు మారింది ఒక్క ఆటతో. మేళం సొంత ఊళ్ళోనే ఆడుతోంది. ఆడవాళ్ళ మధ్య ముడుచుకుని కూర్చుని, తల వంచుకుని చూస్తోంది. కథలో రాణి అలిగి వెళ్ళిపోతూ, నాలుగడుగులు వేసి, వెనక నుంచి రాజు పిలుస్తాడేమో అని మెడ ఒక్కటి తిప్పి చూసింది. ఒళ్ళు కదలకుండా మెడ మాత్రం. జనం ఒక్కసారి ఆహా అన్నారు. లక్ష్మణమ్మకి ఒళ్ళంతా చల్లబడింది. ఆ తిప్పు ఆమెది. నెత్తి మీద నిండు బిందె పెట్టుకుని వచ్చేటప్పుడు ఎవరైనా పిలిస్తే ఆమె అలాగే చూస్తుంది. ఒళ్ళు కదిలితే నీళ్ళు తొణుకుతాయి కాబట్టి. ఎప్పుడు చూశాడో, ఎన్నాళ్ళు చూశాడో, తీసుకెళ్ళి రాణికి పెట్టేశాడు.

ఆ సంగతి ఆయనా చెప్పలేదు, ఈమే అడగలేదు. కానీ ఆ మర్నాడు దువ్వెన తనే తీసుకుని ఆయన వెనక కూర్చుంది. అక్కడి నుంచి మెల్లమెల్లగా అన్నీ ఆమె చేతిలోకి వచ్చాయి. నూనె కాచడం, జడగంటలకి తోలు పట్టీ వెయ్యడం, తేలికపాటి పొణికికర్ర భుజకీర్తులకి తళతళలాడే ముచ్చిరేకు అంటించడం, పాఠం మర్చిపోతే అందివ్వడం. సాయంత్రాలు ఆయన పెరట్లో ఆడేవాడు. ఈమె బియ్యం ఏరుతూ, "అక్కడ తొందర పడ్డావు బావా," అనేది. కూతురికి పెళ్ళి చేసి పంపేశాక మిగిలింది ఆ పనే. తన చేతులు తయారు చేసిన రాణి ఊరూరా తిరిగి మెప్పు తెచ్చుకుంటుంటే, తను నరసన్నపేట దాటకపోయినా అన్ని ఊళ్ళూ తిరిగినట్టే ఉండేది. ఆ వేషం ఆగిపోతే, రేపు పొద్దున్న లేచి తను చెయ్యాల్సింది ఏమిటో ఆమెకి తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఉమాపతి వచ్చాడు. నరసన్నపేటలో సైకిళ్ళ షాపు ఆయనది. కోమట్ల ఇంటి మనిషి, మర్యాదస్తుడు. కొత్త సైకిలు దిగి గంట కూడా కొట్టకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"జగన్నాధం లేడా అమ్మా?"

"కల్లంకాడికెల్లినాడు. కూకోండి."

"వద్దులెండి. మీకు మొహం చూపించలేక రాత్రి నిద్ర పట్టలేదు. నా షాపులో సైకిలు బాగుచేస్తూ వంగాడు, ముడి జారి గొలుసులో పడింది కదా," అన్నాడు ఉమాపతి. "నేను ఎంత చెప్పాను! ఒక్క క్షణం ఆగవయ్యా, గొలుసు లింకు ఊడదీస్తాను, జుట్టు దానంతట అదే వచ్చేస్తుంది అన్నాను. పానా తెచ్చేలోపు కత్తెర పెట్టేసుకున్నాడు."

లక్ష్మణమ్మకి ఆ మాట అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది.

"ఎవులు?"

"ఆయనే. నేను అరిచాను కూడా. వినలేదు. ఆ మీద తనే మంగలిని పిలిపించుకున్నాడు." ఉమాపతి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "చెప్పలేదా మీకు?"

ఆమె మజ్జిగ ఇచ్చి పంపేసింది. ఎలా ఇచ్చిందో, ఆయన ఏమని వెళ్ళాడో తెలియలేదు. జగన్నాధం వచ్చేసరికి పెరట్లో నిన్నటి ఆకు రోట్లోనే ఉంది, నల్లబడిపోయి. దాని ముందు ఆమె కూర్చుని ఉంది.

"లింకు తీస్తే వచ్చేసేదట గదా," అంది.

జగన్నాధం తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అబద్ధం ఆడదామని ఒక్క క్షణం చూశాడు గానీ, ఆమె ముందు ఆయనకి ఎప్పుడూ అబద్ధం కుదరలేదు.

"వచ్చేసేది," అన్నాడు.

"మరి?"

"అలగ పట్టుకున్నాది గదా సక్రం. తల ఎత్తనీయట్లేదు. కిందన నూనె బొట్లు సూస్తన్నాను. ఉమాపతి పానా కోసం ఎల్లినాడు. ఇడిపిస్తాడు, మళ్ళీ ముడి సుట్టుకుంటాను, మళ్ళీ పాతపట్నం, మళ్ళీ రంగు, మళ్ళీ సంబరం అనుకున్నాను. కత్తెర పక్కనే ఉన్నాది." ఆయన గొంతు తగ్గింది. "నువ్వు తిట్టు. నాను పడతాను."

"సైకిల్లు బాగుసేస్తావా? ముప్పయ్యేళ్ళ ఆట పెట్టుకొని?"

"సంతకెల్తానని సెప్పి నాలుగు నెలల్నుంచీ అక్కడే కూకుంటన్నాను. ఆడు కూలీ ఇస్తానన్నా వొద్దన్నాను. ఊరికే సేస్తన్నాను." మొహం ఒక్కసారి వెలిగింది, పెళ్ళి కొత్తలో బురదలో అడుగులు వేసుకున్నప్పటి మొహం. "సక్రం తిప్పి సూడు, ఎక్కడ బెండు ఉన్నాదో నీకే కనిపిస్తాది. ఒక పుల్ల బిగించు, ఒక పుల్ల వొదులు సెయ్యి. మళ్ళీ తిప్పు. ఊగదు. తిన్నగా తిరుగుతాది. సరయిపోనాదని దానికదే సెప్తాది. ఆటలో అలగ ఎవులు సెప్తారు? సప్పట్లు కొడతారు. బాగా ఆడినా కొడతారు, ఒళ్ళు నొప్పులతో ఆడినా కొడతారు. మూడేళ్ళయి నాను మనసెట్టి ఆడలేదే. ఒక్కలికీ తెలీలేదు."

లక్ష్మణమ్మకి దెబ్బ తగిలినట్టయింది. మూడేళ్ళు! ఆ మూడేళ్ళూ తను నూనె కాచింది. ముచ్చిరేకు అంటించింది. బాగుందా అని ఆయన అడిగితే బాగుందంది. తనకీ తెలియలేదు.

"ఆ పిచ్చంతా ఏటయిపోనాది బావా?"

"నాకూ తెల్దు. గిన్నెలో గంజి ఎప్పుడు సల్లారిందో సెప్పగలవా? సూసేసరికి సల్లగా ఉన్నాది."

ఆమె లేచి రోట్లో ఆకంతా తీసి గోడ అవతల పారబోసింది. పారబోసి వచ్చి, "నాకు సల్లారలేదు," అంది. జగన్నాధం తెల్లబోయి చూశాడు. అలాంటి మాట ఆమె నోటంట ఆయన ఎప్పుడూ వినలేదు.

గంగరాజుని వెంటబెట్టుకుని నరసింగరావు వచ్చాడు. గంగరాజు జగన్నాధానికి మేనల్లుడు. పాతికేళ్ళవాడు. మేళంలో చెలికత్తె వేషం కడతాడు. ఉయ్యాల ఊపడం, పళ్ళెం పట్టుకోవడం తప్ప ఎక్కువ పని లేని వేషం. రాత్రికి రాత్రి రాణివి నువ్వే అంటే వాడికి జ్వరం పట్టుకుంది.

"నాకొద్దు తాతా. పాతపట్నమోలు రాళ్ళు విసురుతారు," అన్నాడు నరసింగరావుతో.

"రాళ్ళు పడితే మద్దెల అడ్డమెడతానులే. కట్టు," అన్నాడు ఆయన.

సవరం కలిపి జడ అల్లింది లక్ష్మణమ్మ. జగన్నాధం ఎదురుగా నిలబడి చెప్పసాగాడు. నాలుగడుగులు ఇటు, రెండు అటు, ఇక్కడ చెయ్యి, ఇక్కడ చూపు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. కానీ బస్సు ఎక్కడ ఆగుతుందో పరాయి ఊరివాడికి దారి చెప్పినట్టు చెప్పాడు. గంగరాజు అలాగే ఆడాడు. నరసింగరావు మద్దెల మీద చేతులు ఆపేసి కణతలు పట్టుకున్నాడు.

"అలిగెల్లినప్పుడు మెడ తిప్పరా," అన్నాడు.

గంగరాజు తిప్పాడు. మెడతోపాటు భుజం, నడుం, ఒళ్ళంతా తిరిగింది. వెనకాల కుక్క మొరిగితే చూసినట్టుంది. మళ్ళీ తిప్పాడు. అంతే. మూడోసారి నరసింగరావే చూడలేక తల తిప్పుకున్నాడు. "ఇంక పాతపట్నమోలకి కబురెడతాను. ఆ బొంతలకోడూరు మేళాన్ని పిలుసుకోమని. ఒకసారి ఆల్లు కాలు పెడితే మనకి మళ్ళీ పిలుపుండదు. ఉండకపోతే పోనీ," అన్నాడు.

లక్ష్మణమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె సిగ్గరి. మొగుడి ముందు తప్ప పరాయి మగవాళ్ళ ముందు నోరు విప్పిన మనిషి కాదు. నరసింగరావు ఇన్నేళ్ళలో ఆమె గొంతు పది మాటల కంటే ఎక్కువ విని ఉండడు. అలాంటిది, ఎప్పుడు దిగిందో దిగి పెరటి మధ్యకి వచ్చేసింది.

"అలగ కాదు గంగా," అంది. "నెత్తి మీద నిండు బిందె ఉన్నాదనుకో. తొనకనీయకూడదు. కోపం వచ్చినాది, ఎల్లిపోతన్నావు. కానీ ఎనక ఆడు పిలుస్తాడేమో అని సెవులు అక్కడే ఉన్నాయి."

చెప్పి, కొంగు నడుముకి దోపుకుని, నాలుగడుగులు నడిచింది. ఆగింది. మెడ తిప్పింది.

నరసింగరావు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆయన ముప్పయ్యేళ్ళుగా మద్దెల వాయిస్తున్నది ఆ తిప్పుకే. అది ఒక ఆడమనిషి మెడ మీద, కాటుకా రంగూ లేకుండా, నెరుస్తున్న జుట్టుతో, పసుపు మరకల చీరతో ఎదురుగా నిలబడింది.

"సెల్లీ, ఇది... నీకు జగన్నాధం నేర్పినాడేటి?"

లక్ష్మణమ్మకి అప్పుడు తెలివి వచ్చింది. మొహం మండిపోయింది. వంటింట్లోకి పారిపోదామని వెనుదిరిగింది.

"నాను నేర్పలేదు మావా," అన్నాడు జగన్నాధం వెనక నుంచి. "నానే దొంగిలించినాను. అది నీల్లకెల్తంటే సెరుకుతోటలో దాక్కొని సూసి నేర్సుకున్నాను. మెప్పంతా నాను తిన్నాను. దానిదని ఎవులికీ సెప్పలేదు."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆయనకి తెలుసు! తెలిసే తీసుకున్నాడు, తెలిసే ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాడు. ఆ మాట వినాలని ఏనాటి నుంచో ఉంది. విన్నాక ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. కోపమూ కాదు, సంతోషమూ కాదు.

"అత్తా, ఇంకోపాలి సూపించు," అన్నాడు గంగరాజు.

చూపించింది. మధ్యాహ్నం భోజనాలు మర్చిపోయి చూపించింది. పొద్దు తిరిగేసరికి గంగరాజు భుజం కదలకుండా మెడ తిప్పడం మొదలుపెట్టాడు. పదిసార్లలో రెండు సార్లు కుదురుతోంది. మిగతా ఎనిమిది సార్లూ కుక్క మొరుగుతూనే ఉంది.

"ఈడు రేపటికి మర్సిపోతాడు," అన్నాడు నరసింగరావు. "రంగేసుకున్నాక భయంతో బిగుసుకుపోతాడు. పక్కన సెప్పేవోలు ఉండాల." ఆ తరవాతి మాట అనడానికి ఆయనకి నోరు రాలేదు. మద్దెల తోలు మీద లేని దుమ్ము తుడిచాడు.

"నాను వస్తాను," అంది లక్ష్మణమ్మ.

మేళంతో ఆడది వెళ్ళడం ఆ వైపు ఎవరూ విని ఎరగరు. మేళంలో ఆడది ఉండకూడదనే కదా మగవాళ్ళకి జడలు పెంచింది. జగన్నాధం కూడా గబుక్కున తలెత్తాడు.

"ఎక్కడికొస్తావే? పదిమంది మొగోల్లు, రంగులు పూసుకొనే పాకలో నువ్వేటి సేస్తావు? ఊరోలు ఏటనుకుంటారు?"

"నిన్ను సూసి ఊరోలు ఏటనుకున్నారో నిన్న నాను సూసినాను గదా. మీ అయ్యని సంపేసినారు. నన్ను మాత్రం బతకనిస్తారేటి?" అంది ఆమె. "నువ్వు ఉమాపతి షాపుకెల్తావు గదా?"

"ఎల్తాను."

"ఎల్లు. నాను వొద్దన్నానా?"

నరసింగరావు అటు తిరిగి నవ్వుకున్నాడు. కాసేపాగి, "మా ఇంటిదాన్ని కూడా తోడు తెస్తానులే సెల్లీ," అన్నాడు. అదొక్కటే ఆయన చెయ్యగలిగిన మర్యాద.

తెల్లవారాక రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు కూర్మమ్మ పాల చెంబుతో వచ్చి మరీ చూసింది. పెట్టెలు, మద్దెలలు, తాళాలు, మగవాళ్ళు, మధ్యలో ముసుగు దించుకుని లక్ష్మణమ్మ. "ఓలప్పా, ఎవులైనా పోనారేటే?" అంది అలవాటుగా. "ఎవులూ పోలేదు. ఆటకెల్తన్నాను," అంది లక్ష్మణమ్మ. కూర్మమ్మ చేతిలో చెంబు ఒలికింది. చావు కబురుకి కూడా ఆమె అంత నిర్ఘాంతపోలేదు.

పాతపట్నంలో సంబరానికి ఒరియా ఊళ్ళ నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చారు. తాటాకు పాకలో గంగరాజుని పీట మీద కూర్చోబెట్టి లక్ష్మణమ్మ రంగు వేసింది. మొదట మిగతా వేషగాళ్ళు గోడకి తిరిగి బట్టలు మార్చుకున్నారు. నరసింగరావు భార్య గుమ్మంలో కూర్చుని తమలపాకులు నములుతూ కాపలా కాసింది. కాసేపటికి ఎవరి హడావుడిలో వాళ్ళు పడిపోయారు. "అప్పా, నాకు కాటుక," అని ఒకడు. "అప్పా, ఈ భుజకీర్తి నిలబడట్లేదు," అని ఇంకొకడు. ఆమె చేతులు ఒకటి తరవాత ఒకటి చేసుకుపోయాయి. ఇంట్లో ఒక్క మనిషికి చేసిన పని పదిమందికి చేస్తుంటే, తన దగ్గర ఇంత పని ఉందా అని ఆమెకే ఆశ్చర్యం.

చీకటి పడుతుండగా తెర పట్టారు. అవతల జనం చప్పుడు. ఇన్నేళ్ళూ ఆమె అవతలి వైపు కూర్చున్న మనిషి. ఇటువైపు నుంచి తెర ఇలా ఉంటుందని తెలియదు. దీపాలు అటు పక్కన ఉంటే ఇటు కనిపించేది నీడలే. గంగరాజు పళ్ళు కటకటలాడుతున్నాయి.

"అత్తా, నాకు రాదే."

"వస్తాది. బిందె నిండా ఉన్నాది, సూసుకో. ఎల్లు," అని వీపు మీద ఒక్కటి చరిచి పంపింది.

వాడు వెళ్ళి జడ తెర మీంచి అవతలికి వేశాడు. మద్దెల మోగింది. ఆమె తెర పక్కన చీలికలోంచి చూస్తూ, తనకి తెలియకుండానే మెడ కూడా కదుపుతూ నిలబడింది. అలక ఘట్టం వచ్చింది. నాలుగడుగులు. ఆగాడు. మెడ తిప్పాడు. జగన్నాధంలా తిప్పలేదు. లక్ష్మణమ్మలానూ తిప్పలేదు. వాడి భయం వాడిది, ఆ భయంతో ఇంకొంచెం ఆలస్యంగా, ఇంకొంచెం ఆశగా తిప్పాడు. జనం ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయి, తరవాత గోల చేశారు.

విరామంలో వాడు చెమటలు కక్కుతూ పాకలోకి వచ్చి పడ్డాడు. "ఎలగున్నాది అత్తా?"

"తొందర పడ్డావు. రెండో పాలి మెడ తిప్పినప్పుడు ఎడం భుజం లేచిపోనాది," అంది ఆమె, మొహం తుడుస్తూ. ఆ తిట్టులో ఎంత సంబరం ఉందో వాడికి అర్థం కాలేదు. పాపం, నిజంగానే తిట్టిందనుకుని మొహం వేలాడేశాడు.

నరసింగరావు మద్దెల మెడకి ఉండగానే లోపలికి తొంగి చూశాడు.

"సెల్లీ, వొచ్చే వారం విజినగరంలో ఆట ఒప్పుకోమంటన్నారు. ఒప్పుకోనా? జగన్నాధాన్ని అడిగి సెప్తావా?"

"ఒప్పుకో," అంది లక్ష్మణమ్మ.

అన్నాక ఉలిక్కిపడింది. జగన్నాధం! పొద్దున్న బస్సెక్కిన దగ్గర్నుంచీ ఇంతసేపటి దాకా ఆయన ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అన్నం వండుకున్నాడో లేదో, ఉమాపతి షాపులో ఏ చక్రం ముందు కూర్చున్నాడో, అసలు ఇంట్లో ఉన్నాడో లేడో. ముప్పయ్యేళ్ళుగా ఆయన కోసమే చేస్తున్నాననుకున్న పని ఇది.

"అత్తా, బొట్టు సెదిరిపోనాది," అన్నాడు గంగరాజు.

ఆమె కుంకుమ అందుకుని, వాడి గడ్డం పట్టుకుని మొహం దీపం వైపు తిప్పింది.